రేజీ సీసా

“రేజీ గొంతులో ఏముందండీ, వేషం తప్ప? ఆ బ్యాండును నిలబెట్టింది డ్రమ్ములవాడు,” అన్నాడు కుసకబె, ఒసాకా బార్‌లో తన మూల కుర్చీలోంచి.

“ఆయన పోయి నెలన్నా కాలేదు. ఇప్పుడైనా వదలరా?” అన్నాను. రేజీ పాడిన ఏ కచేరీనీ వదలనిదాన్ని నేను.

బార్ యజమానురాలు మిత్సుయో అలమరలోంచి సగమున్న విస్కీ సీసా దించింది. రోజూ వచ్చేవాళ్ళు కొనుక్కున్న సీసాలు పేరు చీటీ కట్టి దాచడం అక్కడి ఆనవాయితీ. దీని మెడకు రేజీ పేరుంది.

నా గ్లాసు ముందుకు జరిపాను.

ఆమె కుసకబె గ్లాసులో పోసింది. “‘నేను పోయాక ఇది ఆ మూల కూర్చుని నన్ను తిట్టే ఆయనకి పొయ్యండి. నేనెక్కడ శ్రుతి తప్పానో పట్టుకునేది ఆయనొక్కరే’ అన్నాడు రేజీ.”

“మరి నా గురించి?”

“ఏమీ అనలేదమ్మా.”

కుసకబె కళ్ళు తుడుచుకుంటున్నాడు.

“మీరన్నది నిజమేలెండి,” అన్నాను. “ఆయన గొంతు అంత గొప్పదేం కాదు.”