చెకింగ్ కబురు

“అక్కా, షట్టరు దించెయ్! చెకింగోళ్ళు బయల్దేరారంట!”

ఫోనులో బెంజిమిన్ అరుపుకి ఎస్తేరు చేతిలోని టీ ఒలికిపోయింది. అతనిది సత్తెనపల్లిలో డీటీపీ షాపు, ఆమెది నరసరావుపేట కోర్టు వీధిలో.

“ఏం చెకింగ్‌రా?”

“సాఫ్ట్‌వేర్ కంపెనీవోళ్ళు. లైసెన్సు లేని క్రాకు కాపీ దొరికితే సిస్టం పట్టుకుపోయి కేసు రాస్తారంట. నేను మొత్తం పీకేసి ఫ్రీగా వచ్చేది ఎక్కించా. నువ్వూ తీసెయ్, చానా డేంజరు!”

ఎస్తేరు సిస్టం వంక చూసింది. మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఇల్లు నడుపుతున్నది ఆ ఒక్క సిస్టమే. అందులో ఉన్నది క్రాకు కాపీయే. లైసెన్సు మొహం ఆమె ఏనాడూ చూసింది లేదు. సిస్టం పోతే పిల్లలతో వీధిన పడటమే. మొన్న శావల్యాపురంలో కొత్తగా షాపు పెట్టిన పింకీ, “నీ కాపీ నాకూ ఎక్కించక్కా” అంటూ వచ్చింది. తన గిరాకీ ఎక్కడ దాని షాపుకు పోతుందోనని నోటికొచ్చిందేదో చెప్పి పంపించేసింది. ప్రభువు దయ, ఇచ్చి ఉంటే ఆ కేసు కూడా తన మెడకే చుట్టుకునేది!

షట్టరు సగం దించి పాత సాఫ్ట్‌వేర్ తీసెయ్యడం మొదలుపెట్టింది. దాంతో వచ్చిన తెలుగు ఫాంట్లూ తీసేసింది. నిజంగా తీసెయ్యమంటావా అని అది అడగడం, ఈమె అవునని నొక్కడం. ఎన్నిసార్లు అడుగుతుందో, చావనీ! క్రాకు కాపీ దాచుకున్న పెన్‌డ్రైవును సుత్తితో చితక్కొట్టి కాలవలో పారేసింది. బెంజిమిన్ చెప్పిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఎక్కించింది.

సరిగ్గా అప్పుడే షట్టరు కింద నల్లబూట్లు కనిపించాయి.

“ఎవరున్నారు లోపల?”

షట్టరు గరగరమంటూ పైకి లేచింది. ఎదురుగా సంఘపెద్ద ప్రభాకరరావు.

“ఏందమ్మా, పట్టపగలు షట్టరేసుకుని కూర్చున్నావు? మన సువార్త సభల కరపత్రం అయిందా? ఇయ్యాలే ప్రెస్సులో ఇవ్వాల.”

“మీరా అయ్యగారూ! అయిపోయింది, ఒక్క నిమిషం,” అంటూ ఫైలు తెరిచింది.

తెర నిండా పిచ్చిగీతలు! పాస్టరుగారి పేరుండాల్సిన చోట కొక్కేలూ ప్రశ్నార్థకాలూ. ఇంకో ఫైలు తెరిచింది, అదీ అంతే. ఇన్నేళ్ళు కూర్చుని కొట్టిన తెలుగంతా ఆ ఫాంట్లతోనే పోయింది.

“ఇదేం బాష తల్లీ?” ప్రభాకరరావు మొహం మాడ్చుకున్నాడు. “వద్దులే, ఇంకోచోట కొట్టించుకుంటాం.”

ఆయనతో పాటే ఏటా వచ్చే చర్చి పనీ మెట్లు దిగిపోయింది. ఎస్తేరుకి ఏడుపొచ్చింది. అయినా సిస్టం దక్కింది, అదే చాలనుకుంది.

సాయంత్రం దాకా ఏ బండి ఆగినా ఉలిక్కిపడింది. చెకింగ్‌కని ఒక్క నరమానవుడు రాలేదు. బెంజిమిన్‌కి ఫోన్ చేసింది.

“ఒరేయ్, ఎవురూ రాలేదేందిరా? అసలు నీకెవురు చెప్పారు?”

“శావల్యాపురం పింకీ చెప్పిందక్కా.”

వెంటనే పింకీకి చేసింది.

“ఏమే పింకీ, చెకింగోళ్ళు తిరుగుతున్నారని నీకెవురు చెప్పారే?”

“అదేందక్కా! మొన్న నేను కాపీ అడిగితే నువ్వే గదా చెప్పింది?”