చేరని మెయిల్

మూడేళ్ల పరిశోధన మధ్యలో వదిలేసి వెళ్లిపోతున్న అమ్మాయి, నో డ్యూస్ కాగితం మీద సంతకం కోసం లైబ్రేరియన్ ముందు నిలబడింది. ఆమె చేసిన పనే ఇంకెవరో ముందే చేసి, ఒక జర్నల్లో ప్రచురించారట.

లైబ్రేరియన్ ఆ జర్నల్ పేరు టైపు చేసింది. వ్యాసం మొత్తం తెరుచుకుంది.

"ఇది మూడేళ్లుగా మన దగ్గరే ఉందమ్మా. ఒక్క మాట అడగాల్సింది."

"చేరిన కొత్తలో అడిగాను మేడమ్, ఆన్‌లైన్ జర్నల్స్ ఎలా చూడాలని. 'అందరికీ మెయిల్ పెట్టాను, చూసుకో' అన్నారు మీరు. నాకు రాలేదంటే విసుక్కుంటారని ఊరుకున్నాను."

"రాకపోవడమేంటి?" అంటూ లైబ్రేరియన్ ఆ పాత మెయిల్ వెతికి తీసింది. అది అధ్యాపకులకు వెళ్లింది, ఆఫీసు సిబ్బందికి వెళ్లింది. విద్యార్థుల్లో ఒక్కరికీ వెళ్లలేదు.

పిల్లలకు చదివే ఆసక్తి లేదని మూడేళ్లుగా ప్రతి మీటింగులోనూ చెబుతూ వచ్చింది తనే.

"కూర్చోమ్మా," అంది లైబ్రేరియన్. "తప్పు నాదని మీ గైడుకి రాసిస్తాను."

"దాంతో నా మూడేళ్లు తిరిగిరావు మేడమ్. పైన రీడింగ్ హాల్లో నా జూనియర్లు ఉన్నారు. వాళ్లకైనా చెప్పండి."

లైబ్రేరియన్ సంతకం పెట్టి లేచింది. రీడింగ్ హాలు వైపు మెట్లెక్కింది.