వెనకగది గోడ

"ఈ గదిల ఎవరు పంటరు?" అని అడిగాడు వచ్చినాయన.

లక్ష్మీనారాయణకు ఆ ప్రశ్న నచ్చలేదు. అప్పు కోసం ఇల్లు చూడవచ్చిన మనిషి కొలతలు అడగాలి, కాగితాలు అడగాలి. పడక సంగతి ఆయనకెందుకు?

మిర్చి వ్యాపారం లక్ష్మీనారాయణది. ఎనుమాముల యార్డు దగ్గర చిన్న గోదాం అమ్మకానికి వచ్చింది. బీట్‌బజారు వెనక సందులోని ఈ పాత ఇంటిని బ్యాంకులో కుదువపెట్టి దాన్ని కొనాలని అతని ఆశ. ఇంటి విలువ కట్టడానికి మనిషి వస్తాడని బ్యాంకులో చెప్పారు. సోమవారం పొద్దున ఈయన వచ్చాడు.

అరవై దాటిన మనిషి. చేతిలో గొడుగు, భుజాన సంచి. పేరు యాదగిరి అన్నాడు. మంచినీళ్లు తాగాడు, చాయ్ వద్దన్నాడు.

కూతురు పడుకుంటుందని చెప్పాడు లక్ష్మీనారాయణ. మానస పురిటికి వచ్చి, పసిగుడ్డుతో ఆ వెనకగదిలోనే ఉంది.

యాదగిరి సంచిలోంచి దారానికి కట్టిన ఇనుప గుండు తీశాడు. స్టూలెక్కడానికే ఆయాసపడ్డాడు. గోడ పైనుంచి గుండు వదిలి, అది కుదురుకునేదాకా కదలకుండా చూశాడు. దిగి గోడకు అరచెయ్యి ఆనించాడు, చెవి ఆనించాడు, వేళ్లతో తట్టాడు. పసిబిడ్డ నుదురు ముట్టి జ్వరం చూసినట్టుంది ఆ వాలకం.

"గోడ నడుమ ఉబ్బింది, సేటు. లోపల మన్ను నానింది. ఈ వానలకు ఆగది. బిడ్డను ముందరి గదిలకు మార్చున్రి."

లక్ష్మీనారాయణ లోలోపల నవ్వుకున్నాడు. ఈ విద్య అతనికి తెలియనిది కాదు. యార్డులో ఖరీదుదారు బస్తాలోకి చెయ్యి దూర్చి, వెతికి వెతికి ఒక్క తెల్లబారిన తాలు కాయ పట్టుకొస్తాడు. పదిమందిలో ఎత్తి చూపుతాడు. ధర తెగుతుంది. వంక చూపించాడంటే బేరం మొదలైనట్టే.

చపాటా మిర్చి కారం పొట్లం ఒకటి ఆయన ముందుకు జరిపాడు. మిగతాది మాట్లాడుకుందామన్నాడు.

యాదగిరి దాన్ని ముట్టలేదు.

"జర మంచం జరుపున్రి."

"ధర ఎంత రాస్తరు?"

"ఇయ్యాల్నే జరుపున్రి."

గడప దాటినవాడు మళ్లీ వెనక్కి వచ్చాడు. ఈసారి లక్ష్మీనారాయణ వైపు చూడలేదు. అతని భార్య సుభాషిణిని పిలిచాడు.

"సేటు నన్ను బేరగాడనుకుంటాండు, చెల్లె. నువ్వన్న ఇను."

ఆమె ఆ పూటే మంచం మార్చింది. బాలింతను వీధి గదిలో పడేస్తారా, వచ్చేపోయేవాళ్ల కళ్లు పడవా అని లక్ష్మీనారాయణ గొణిగాడు. మానస మాత్రం పెరట్లోని మిర్చి బస్తాల ఘాటు ఇక్కడికి రాదు, హాయిగా ఉందంది.

కొద్దిరోజులకే అప్పు మంజూరైంది. అడిగినంతా ఇచ్చారు.

"చూసినవా? నేను బెదరలే, ఆయనే దిగిండు" అన్నాడు భార్యతో. ఇక మంచం వెనకగదికి చేర్చమన్నాడు. వానలు పోనీయమంది ఆమె.

ముసురు పట్టింది. వదల్లేదు.

ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నారు. ఇల్లు అదిరింది. వెనకగోడ లోపలికి పడింది. మంచం ఉండే చోట మొలలోతు మట్టి, రాళ్లు, వాటి మీద అడ్డంగా విరిగిన వాసం. ముందరి గదిలో పసివాడు ఉలిక్కిపడి ఏడ్చాడు.

ఆ ఏడుపు వింటూ లక్ష్మీనారాయణ దుమ్ములోనే కూలబడ్డాడు. చేతికంటిన అన్నం అలాగే ఎండిపోయింది.

మర్నాడు కారం పొట్లం పట్టుకుని బ్యాంకుకు వెళ్లాడు. గోడ సంగతి చెప్పి, ఇల్లు చూసిన సారు ఎక్కడుంటారో చెప్పమని మేనేజర్ శ్రావణిని అడిగాడు.

ఆమె కంప్యూటర్లో చూసి, మీ ఇల్లు ఎవరూ చూడలేదే అంది.

"వాల్యుయేషన్‌కైతే రూల్స్ ఉంటయ్. లోపలికి పోవాలె, గోడలు చూడాలె, అప్పుడే సంతకం. మీది చిన్న లోన్. ఉత్త అంచనా చాలు. ఫోటోలు, రిజిస్ట్రేషన్ రేటు చూసి ఈడ్నే కట్టినం. దానికి ఆ రూల్స్ లెవ్వు."

"ఆ సంగతి గోడకు తెల్వదు గద, మేడం."

శ్రావణి ఫైలు మళ్లీ వెతకసాగింది.

లక్ష్మీనారాయణ యాదగిరి అన్న పేరు, గుర్తులు చెప్పుకుంటూ పోయాడు. గొడుగు. ఇనుప గుండు. స్టూలెక్కితే ఆయాసం.

ఆమె చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది.

"మా వాల్యుయర్ యాదగిరి సారే. గుండె జబ్బు ఉండె. పోయిన వారమే దవాఖానల పానం ఇడిసిండు."

కారం పొట్లం లక్ష్మీనారాయణ ఒళ్లోకి జారింది. దుకాణం మెట్టెక్కే మనిషి దేనికోసం వస్తున్నాడో చెప్పు విడవకముందే పసిగట్టే వ్యాపారి అతను. ఈయన మీద వేసిన లెక్క మొదటి అంకె నుంచీ తప్పు. రూపాయి వచ్చేది లేదు, చేసేది రాతలోకి ఎక్కేది కాదు. ఆ గుండెతో ఆ స్టూలు ఎందుకెక్కినట్టు?

"మరి ఆ సోమవారం ఆయన్ని మా ఇంటికి ఎవరు పంపిన్రు, మేడం?"

శ్రావణి కీబోర్డు పక్కకు జరిపింది.

"ఎవరూ పంపలె. ఫైలు మొదట ఆయనకే ఇచ్చినం గనీ, ఇగ పోనక్కర్లేదు సార్, ఫీజు గూడ రాదు అని అంతకుముందు శనివారమే నేను ఫోన్ చేసిన. ఆ ఇంట్ల ఎవరు పంటరో మీకు తెలుసా అమ్మా అని అడిగి, తెల్వదంటె, సరే అని పెట్టేసిండు."