సమాధి మీద ఊలు పువ్వు

ఆదివారం ఆరాధన అయ్యాక ఎస్తేరు సమాధుల తోటకు పోయింది.

తన బిడ్డ సమాధి మీద ఎర్రటి పువ్వు ఒకటి ఉంది.

ఆ ఏడు వాన లేదు. శెనక్కాయ చేలే మాడిపోయాయి. ఊళ్లో ఏ పెరట్లోనూ పూల మొక్క బతికి లేదు. వంగి పువ్వును చేతిలోకి తీసుకుంది. ఊలుతో అల్లిన పువ్వు అది. ఐదు రేకులు, నడుమ పసుపు చుక్క.

గాలికి వచ్చి పడిందేమో అనుకుంది.

మరుసటి వారం ఇంకొకటి. నీలం రంగుది. ఎగిరిపోకుండా అంచున చిన్న రాయి పెట్టి ఉంది.

ఎస్తేరు దాన్ని ఇంటికి తెచ్చి అత్తకు చూపించింది.

"ఎవురో ఏదో చేసి పెడతాండారు. దారాలకు ముడులేసి సమాధుల కాడ పెట్టేది మంచికి కాదమ్మా. పొయ్యిలో ఎయ్యి," అంది అత్త అక్కమ్మ.

ఎస్తేరు రెండు పువ్వులూ పొయ్యిలో వేసింది.

ఆ బిడ్డ మొహం ఆమె చూడనే లేదు. నెలలు నిండకముందే ఆపరేషన్ చేసి తీశారు. ఆమెకు తెలివి వచ్చేసరికి మట్టి చేసి వచ్చేశారు. పేరు కూడా పెట్టలేదు. ఆసుపత్రిలో పిలిచినట్టే 'ఎస్తేరు పాప' అని తడి సిమెంటు మీద పుల్లతో రాసి, మొగుడు యేసన్న మళ్లీ బెంగళూరు కూలిపనికి పోయాడు.

"ఏడ్సిందా అత్తా? ఎవరన్నా ఎత్తుకున్నారా?" అని అడుగుతూనే ఉండేది.

"గాజుపెట్టెలో పెట్టినారంట. మమ్మల్ని లోపలికి రానియ్యలేదు కదమ్మా. ఏమని చెప్పేది?" అనేది అక్కమ్మ.

నా బిడ్డ ఒక్కతే పోయింది. ఆ మాటే ఎస్తేరును లోలోపల కొరికేది.

ఒక ఆదివారం ఆరాధనకు ముందే సమాధుల తోటకు పోయింది.

సమాధి పక్కన ఒక ముసలామె కూర్చుని ఉంది. నుదుట పెద్ద కుంకుమబొట్టు. కొన వంగిన సూదితో ఊలు అల్లుతూ తనలో తాను ఏదో మాట్లాడుకుంటోంది.

"ఏయ్! ఎవురు నువ్వు?"

ముసలామె ఉలిక్కిపడి లేచింది. ఎస్తేరును పరకాయించి చూసింది.

"నువ్వేనా తల్లీ ఎస్తేరు? కుట్లు మానినాయా?"

ఎస్తేరు ఒక అడుగు వెనక్కి వేసింది.

"నా కుట్ల సంగతి నీకెవురు చెప్పినారు? నా బిడ్డ కాడ నీకేం పని?"

"నీకొక మాట చెప్పల్లని వచ్చినా తల్లీ..."

"ఏం చెప్తావు? సచ్చిన బిడ్డను కూడా వదలవా? మళ్లా నా కడుపు పండకుండా ముడులేస్తాండావా?"

కేకలకు అక్కమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆరాధనకు పోయేవాళ్లు మూగారు. ఎవరో సంచి లాగారు. ఊలు ఉండలు దుమ్ములో దొర్లాయి. ఎస్తేరు ముసలామె చేతిలోని సగం పువ్వును గుంజుకుని దారం పట్టి లాగింది. రేకులన్నీ ఒక్కొక్కటే ఊడి, చివరికి వట్టి దారం మిగిలింది.

ముసలామె వంగి ఉండలు ఏరుకుంది.

"ఎండన పడి తిరగాకు తల్లీ. పచ్చి ఒళ్లు," అని, కంబదూరు బస్సు ఆగే రోడ్డు వైపు నడిచింది.

"మళ్లా మా ఊరి దిక్కు వచ్చినావో, కాళ్లు ఇరగ్గొడతా!" ఎస్తేరు ఆమె కనుమరుగయ్యేదాకా అరుస్తూనే ఉంది.

ఆ తర్వాత సమాధి మీద పువ్వులు లేవు. పీడ వదిలిందనుకుంది ఎస్తేరు.

చలికాలంలో ఆడబిడ్డ కృపాకుమారికి కాన్పయింది. అదే ఆసుపత్రి. ఎస్తేరుకు ఆ గడప తొక్కబుద్ధి కాలేదు. అత్త మాట కాదనలేక పోయింది.

పసివాడి కుళ్లాయికి ఎర్రటి ఊలు పువ్వు కుట్టి ఉంది. ఐదు రేకులు, నడుమ పసుపు చుక్క.

"ఇది... ఇది యాడిది?" ఎస్తేరు ఆ పువ్వును వేలితో తాకింది.

"ఈడ పుట్టిన ప్రతి బిడ్డకూ కుట్టేది మా ఆంజినమ్మ," అంది మంచం దగ్గరకు వచ్చిన నర్సు జ్యోతిలక్ష్మి. "బిడ్డల వార్డులో ఆయా. డబ్బా నిండా అల్లి పెట్టిపోయినాది. అయిపోయేదాకా మేమే కుడతాండాం."

"పెట్టిపోయిందా? ఇప్పుడు యాడుండాది?"

"ఇంగ యాడిదమ్మా? పోయిన నెల నిద్రలోనే పోయినాది."

నర్సు ఎస్తేరు మొహంలోకి తేరిపార చూసింది.

"నువ్వు ఎస్తేరు కదా? మీ ఊరికి వచ్చి నీతో మాట్లాడల్లని శానా తపించినాది. వచ్చి చెప్పింది కదా?"

ఎస్తేరు తల అడ్డంగా ఊపింది.

"అయ్యో! పోయినావా, చెప్పినావా అని నేను అడిగితే, 'ఆ తల్లి ఇంకా శోకంలో ఉండాదమ్మా, ఇంగొకసారి పోయి చెప్తాలే' అనింది. మేమంతా చెప్పేసింటాది అనుకున్నాం."

"ఏం చెప్పల్లని వచ్చింది?" ఎస్తేరు మంచం కమ్మి గట్టిగా పట్టుకుంది.

జ్యోతిలక్ష్మి ఆమె చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"ఇంగ నిలవదని తెలిసినాక గొట్టాలన్నీ తీసేసి, 'ఒక్కతే పోగూడదు, ఇట్లియ్యండి' అని అడిగిన ఆంజినమ్మ చేతుల్లోనే నీ పాపను పెట్టినాం. ఆమె కొంగులో చుట్టి గుండెకు ఆనించుకుని, ఊపిరి ఆగేదాకా 'మీ అమ్మ పేరు ఎస్తేరు తల్లీ' అని చెవిలో చెప్తానే ఉండె."