నాలుక ఆగే చోటు

"మళ్ళీ అడుగుతున్నాను. మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలి?"

అమ్మాయి నోరు తెరిచింది. మాట రాలేదు. గాజు తలుపు వైపు చూసింది.

"తలుపు జవాబు చెప్పదు. నన్ను చూడు," అంది మేడమ్.

ఆఫీసు బయట వరసగా కుర్చీలు. ఇంటర్వ్యూ అయినవాళ్ళు వెళ్ళిపోగా వాళ్ళిద్దరే మిగిలారు. కాలేజీలో ఆ అమ్మాయికి మూగనోము అని పేరు. అక్కడ మేడమ్ చెప్పే ఇంగ్లీషు పాఠాలు ఇంట్లో ఫోన్లో చూసి, జవాబులు రికార్డు చేసి పంపాలి. క్లాసుకొచ్చి నలుగురిలో మాట్లాడాలి. రికార్డింగుల్లో అమ్మాయి గలగలా పారేది. క్లాసులో బెల్లం కొట్టిన రాయి.

"మిమ్మల్ని చూడగానే ప్రాణం లేచొచ్చింది మేడమ్. ఇవాళ క్లాసుల్లేవా?"

"పాఠాలన్నీ రికార్డయిపోయాయిగా. ఇక అవే చెప్పుకుంటాయి. వాటికి ఆవులింతలు కూడా రావు."

అమ్మాయి నవ్వబోయి ఆగింది.

"ఈ ఉద్యోగం రాకపోతే అన్నయ్య గోడౌన్లో కూర్చోమంటాడు. అక్కడ రోజంతా నోరు విప్పే పనే ఉండదు. అదే భయం. ఉన్నది ఒక్క పోస్టు. కొత్తగా చేరేవాళ్ళకి ఇంగ్లీషులో మాట్లాడటం నేర్పాలి. అనుభవం ఉన్నవాళ్ళొచ్చారట. వాళ్ళ ముందు నేనెంత?"

మేడమ్ గడియారం పట్టీ సర్దుకుంది.

"వాళ్ళకి లేనిది నీ దగ్గరేముందో ఆలోచించు."

"ఏముంటుంది... భయం."

"ఊఁ, చెప్పు."

"మాట గొంతులో ఆగదు మేడమ్. వినేవాళ్ళ కనుబొమ్మ కాస్త కదుల్తుంది చూడండి, అక్కడ ఆగుతుంది. నా దగ్గర ఎవరైనా ఆగిపోతే నేను కనుబొమ్మ కదపను. ఊరికే ఉంటాను, వాళ్ళకి మాట దొరికేదాకా."

మేడమ్ కనుబొమ్మ అప్పటికే కదిలింది. ఇన్నేళ్ళ పాఠాల్లో తనకు తట్టని సంగతి. ఆ మాట తన నోట ఎలా ఉంటుందో ఒక్క క్షణం ఊహించుకుంది. సిగ్గేసింది.

"ఇది చెప్పనా మేడమ్? బావుండదేమో."

వద్దంటే చెప్పదు. ఆమె మాట ఆ పిల్ల ఎన్నడూ జవదాటలేదు.

"అదే చెప్పు," అంది మేడమ్. "ముందు అదే చెప్పు. ఏదీ, ఇంగ్లీషులో నాకోసారి వినిపించు."

ఈసారి ఆమె ముఖంలో ఏదీ కదల్లేదు. అమ్మాయి చివరిదాకా చెప్పింది.

లోపలికి పిలిచారు. గాజులోంచి అమ్మాయి వీపు కనిపిస్తోంది. మొదట వంగి ఉంది. తర్వాత నిటారుగా అయింది. చేతులు కదలసాగాయి. లోపల ఎవరో నవ్వారు, మెచ్చుకోలుగా.

బయటికొచ్చిన ముఖం వెలిగిపోతోంది.

"ఎక్కడా ఆగలేదు మేడమ్. పెద్దాయన పెన్ను పక్కన పెట్టి మరీ విన్నారు."

"చూశాను."

"పదండి, టీ నేనిప్పిస్తాను. నాకోసం ఇంతసేపు కూర్చున్నారు."

"నువ్వు పద."

తలుపు మళ్ళీ తెరుచుకుంది. తర్వాతి అభ్యర్థిని రమ్మన్నారు.

మేడమ్ లేచి లోపలికి నడిచింది.