తాతయ్య గొంతు

పెదనాన్న సుత్తి ఎత్తి నా ఏడో స్పీకరుని తుక్కుతుక్కు చేశారు. మా ఇంట్లోవాళ్ళ పాత గొంతుల రికార్డింగులతో నేను పెట్టిన ప్రదర్శనకి మొత్తం ఇరవై స్పీకర్లు. అన్నిట్లోనూ తాతయ్య గొంతు మోగుతోంది. ఇంకో గంటలో జనం వస్తారు.

“పెదనాన్నా, ఇంకా పదమూడున్నాయి. మధ్యలో కాసిని మంచినీళ్ళు తాగండి,” అన్నాను.

“నోర్ముయ్! మా నాన్న చీమను కూడా నలపలేదు. ఆయన గొంతుకి ఈ బెల్టు దెబ్బలూ, ఈ పిల్లాడి ఏడుపూ తగిలించి కంప్యూటర్లో వండావా?”

ఎనిమిది, తొమ్మిది పోయాయి. ముక్క ఒకటి ఎగిరొచ్చి నా నుదురు చీల్చింది. ఊరికి సరిపడా రక్తం కారింది. పెదనాన్న దాన్ని దాటుకుంటూ పదోదాని మీదికి వెళ్ళారు.

“నేనేం వండలేదు. నానమ్మ పెట్టెలో దొరికిన క్యాసెట్టు. దుమ్ము దులిపానంతే.”

“అబద్ధం!”

“నేనే రికార్డు చేశానురా,” అంది కుర్చీలో కూర్చున్న నానమ్మ.

సుత్తి గాల్లో ఆగింది.

“మీ నాన్న చెయ్యి పట్టుకుని ఆపే ధైర్యం లేకపోయింది. బటన్ నొక్కాను. ఎప్పటికైనా ఎవరో ఒకరు వింటారని.”

“ఎవర్ని కొడుతున్నారమ్మా?”

“నీకప్పుడు ఆరేళ్ళు. నాలుగు రోజులు జ్వరంతో పడున్నావు. లేచాక ఏమీ గుర్తులేదన్నావు. నేనూ గుర్తు చెయ్యలేదు నాన్నా.”

మిగిలిన స్పీకర్లలో పిల్లాడు ఏడుస్తూనే ఉన్నాడు. పెదనాన్న సుత్తి కింద పెట్టారు. పదో స్పీకరు ముందు మోకాళ్ళ మీద కూలబడి, దాన్ని రెండు చేతులా ఎత్తుకుని భుజాన వేసుకున్నారు.