స్థాపకుడి ఫొటో

"ఎమ్మిగనూరు చేనేత చీరల అంగడి. 1912లో స్థాపించినవారు శ్రీ కేశవులు శెట్టి గారు."

ఆదోని ప్రెస్సులో కేశవులు తన క్యాటలాగు ప్రూఫును గొంతెత్తి చదివాడు. చదువురాని తల్లి కమలమ్మ పక్కనే కూర్చుని వింటోంది.

"ఇంత పెద్ద ఫొటో ఎవురిది నాయనా?"

"నాదేమ్మా. అంగడి పెట్టినోడి ఫొటో ఉంటేనే గిరాకీకి నమ్మకం."

"నిజమేలేప్పా. అంగడి పెట్టినబుడు నీకు మూడు నెలలు. మీ నాయన పోయి నెల. చీరల మూట నెత్తిన, నువ్వు సంకన, నందవరం దాకా నడిసినా. దోవంతా ఏడిసినావు. గిరాకీని పిలుస్తాండావని నాకు తెల్వకపాయె."

ప్రెస్సు యజమాని దామోదరం నవ్వాపుకోలేక దగ్గాడు.

కేశవులు నవ్వలేదు. నందవరం సంగతి అతనికి తెలియదు. అంగడి ఎలా మొదలైందని ఎప్పుడూ అడగనూ లేదు. పెన్సిలు తీసుకుని తన పేరు కొట్టేసి, కమలమ్మ గారు అని రాసి, తల్లికి చదివి వినిపించాడు.

ఆమె ఆ అక్షరాలను వేలితో మెల్లగా తడిమింది.

"ఫొటో కూడా మారుస్తామ్మా. రా, తీపిచ్చుకుందువు."

"వద్దులే, నీదే ఉండనీ," అంది కమలమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "కమలమ్మకు మీసాలుండాయంటే జనం సూసేకైనా వస్తారు."